రాజులరేవు మెట్ల మీద

నస్పూర్ దాటి కొంత దూరం వచ్చాక బస్సు రెండుసార్లు దగ్గి, మూడోసారి దగ్గే ఓపిక లేక ఆగిపోయింది. డ్రైవరు దిగి, మూత ఎత్తి లోపలికి తొంగిచూసి, ఎవరితో ఏమీ అనకుండా బీడీ ముట్టించాడు. అతను బీడీ ముట్టించిన తీరు చూసే ప్రయాణికులకు సంగతి అర్థమైపోయింది. కోళ్ళ గంపలు, ఎరువుల బస్తాలు, చంకబిడ్డలు ఒక్కొక్కటిగా కిందికి దిగాయి. బొగ్గులారీలు పోతూ పోతూ అందరి మీదా నల్లదుమ్ము చల్లుతున్నాయి.

లక్ష్మీరాజం అందరికంటే చివర దిగాడు. దిగడం అతనికి పెద్ద కార్యం. ముందు చెక్క కెమెరా పెట్టె, తర్వాత మూడుకాళ్ళ కట్టె, దాని వెనక నల్లగుడ్డ మూట, ఆ తర్వాత యాభై దాటిన తన మోకాళ్ళు. ఏటా కార్తీకంలో ఒకసారి ఈ సరంజామా అంతా మోసుకుని గోదావరి ఒడ్డున ఉన్న రాజులరేవు కోటకు పోవడం, పొద్దున్నే మంచులో కోట మెట్ల ఫోటో ఒకటి తీసుకోవడం, తిరిగి రావడం. ఎందుకని అడిగినవాళ్ళకు "కోట మంచిగుంటది" అనేవాడు. కోట అంత మంచిగా ఏమీ ఉండదని అడిగినవాళ్ళకూ తెలుసు.

తుమ్మచెట్టు నీడలో ఒక మనిషి గొంతుకూర్చుని ఉన్నాడు. ఎండలో కూడా భుజం మీద బూడిదరంగు కంబళి దించలేదు. చేతిలో అరబ్బీ అక్షరాల ప్లాస్టిక్ సంచి. అతను లక్ష్మీరాజం ముఖం చూడలేదు, మూడుకాళ్ళ కట్టెను చూసి లేచాడు.

"అన్నా, నువ్వు లక్సెట్టిపేట ఫోటోల సేటువు గాదు?"

"సేటుతనం ఎప్పుడో పోయింది తమ్మీ. గీ మూడుకాళ్ళు మిగిలినయ్. నువ్వెవలు?"

"నల్లకోటు తొడిగిచ్చి నా ఫోటువ తీసినవ్. మెడల గుండీ వెడితే ఊపిరాడలే. 'నవ్వకు, పాస్‌పోర్టుల నవ్వితే దేశం దాటనియ్యరు' అన్నవ్. గప్పటిసంది నవ్వలే."

లక్ష్మీరాజానికి మనిషి గుర్తు రాలేదు గానీ కోటు గుర్తొచ్చింది. స్టూడియోలో ఒక్కటే కోటు ఉండేది. పొడుగువాళ్ళకు మోచేతుల దగ్గర ఆగేది, పొట్టివాళ్ళ వేళ్ళను మింగేది. ఫోటోలో ఛాతీ వరకే పడుతుంది గనుక ఎవరికీ ఇబ్బంది లేదు. దుబాయి, మస్కట్, కువైట్ అంటూ చుట్టుపక్కల ఊళ్ళ మగవాళ్ళంతా ఆ ఒక్క కోటులోనే సముద్రం దాటారు.

"పేరు?"

"హనుమండ్లు. మాది రాజులరేవే."

"నేను గూడ ఆడికే. మరి దుబాయి పోయొచ్చేటోళ్ళు పెట్టెల మీద పెట్టెలు దెస్తరు. నీదేంది, గీ సంచి?"

"నేను పోయింది కువైట్ అన్నా. ఇరాకోళ్ళు వచ్చిండ్రు గద, గొర్లను ఏడివాడ ఇడిసిపెట్టి ఉరికినం. జోర్డాన్ల డేరాలల్ల ఉంటే గీ కంబడి ఇచ్చిండ్రు. ఇమానం ఎక్కిచ్చి బొంబాయిల దించిండ్రు. పదకొండేండ్ల కమాయి గిదే, కంబడి."

"ఇంటికి కబురు జేసినవా?"

"ఎడారిల గొర్లు గాసెటోనికి పోస్టాపీసు ఎవలు జూపిస్తరు? మొదాలు ఒక కేరళాయన రాసిపెట్టేటోడు. ఆయన పోయినంక రాసెటోళ్ళు లేరు, సదివెటోళ్ళు లేరు." హనుమండ్లు గొంతు తగ్గించాడు. "మా ఇంటామె లింగవ్వ ఉన్నదో, మారుమనువు పోయిందో. పోయినా తప్పు లేదన్నా. నువ్వు జర నాతోని ఇంటిదాకా రారాదు? ఒక్కన్ని పోవాల్నంటే కాళ్ళు వస్తలెవ్వు."

బస్సు ఎప్పుడు కదులుతుందో డ్రైవరుకే తెలియదు. పత్తిచేల మీదుగా అడ్డదారి పట్టుకుంటే పొద్దు గూకకముందే నది కనిపిస్తుంది. కట్టె ఒకరు, పెట్టె ఒకరు ఎత్తుకుని ఇద్దరూ నడక మొదలుపెట్టారు.

రాజులరేవు కోట పేరుకే కోట. పైకప్పులు ఎప్పుడో కూలాయి. ఒక బురుజు, నదివైపు గోడ, ఆ గోడలోంచి నీళ్ళలోకి దిగే రాతిమెట్లు మిగిలాయి. ఎవరు కట్టారో, ఎవరు గెలిచారో చెప్పే చరిత్రలు ఊరికి గుర్తు లేవు. గుర్తున్నది ఒక్క కథ. కోటదొర వానకాలంలో పడవెక్కి అవతలి ఒడ్డుకు పోయాడు. దొరసాని దీపం పట్టుకుని పై మెట్టు మీద నిలబడింది. ఆయన రాలేదు. వానలు వెనకబట్టాయి, నది తగ్గింది. నీళ్ళు ఒక మెట్టు దిగితే ఆమె ఒక మెట్టు దిగింది. అలా నీళ్ళ అంచు వదలకుండా దిగుతూ దిగుతూ ఎండాకాలానికి ఆఖరి మెట్టు మీదికి చేరింది. మర్నాడు చూస్తే మెట్లున్నాయి, ఆమె లేదు. కార్తీకం మంచులో ఇప్పటికీ మెట్ల మీద కనబడుతుందని, ఆమె కంటబడితే దూరం పోయిన మనిషి ఇల్లు చేరతాడని అంటారు.

నీళ్ళు, పాతగోడ, మంచు ఈ మూడూ ఒకచోట చేరితే అక్కడొక ఆడమనిషిని నిలబెట్టకుండా లోకం ఊరుకోదు కాబోలు. ప్రాణహిత ఒడ్డున గోండురాజుల గోడల దగ్గరా ఇలాంటి మాటే వినిపిస్తుంది. ఎక్కడో స్కాట్లాండు అనే చలిదేశంలో నదుల పక్కన కోటలు కొల్లలు. వాటిలోనూ ఆకుపచ్చ గౌనుల దొరసానులు మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంటారట. వాళ్ళ ఫోటో తీయాలని జనం కెమెరాలు పట్టుకుని చలిలో కాపలా కాస్తారట. వాళ్ళకు ఏళ్ళ తరబడి దొరకనిది లక్ష్మీరాజానికి ఒక్క పొద్దుటిపూటే దొరికింది. ఎలా దొరికిందో అతనికీ ఇంకొక్క మనిషికీ మాత్రమే తెలుసు. ఆ ఇంకొక్క మనిషి అతని భార్య కమలవ్వ.

లక్ష్మీరాజం పుట్టింది లక్సెట్టిపేటలో, మగ్గాల ఇంట్లో. తెల్లారింది మొదలు నాడె టకటకలు. ఆ చప్పుడు భరించలేక పత్తిబండి ఎక్కి భైంసా పోయి, అక్కడ ఒక మరాఠీ ఫోటోగ్రాఫర్ దగ్గర గది ఊడ్వడంతో మొదలుపెట్టి పని నేర్చుకున్నాడు. కొన్నాళ్ళు బాసరలో ఉన్నాడు. అక్షరాభ్యాసానికి వచ్చిన పిల్లలను పలకాబలపంతో కూర్చోబెట్టి ఫోటోలు తీసేవాడు. పిల్లలు ఏడ్చేవాళ్ళు, తల్లులు నవ్వమనేవాళ్ళు, ఈలోగా పలక పగిలేది. అరవై తొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమంలో బడులన్నీ మూతబడ్డ ఏడు, పెళ్ళయింది. కమలవ్వ కాపురానికి వచ్చేసరికి ఇంట్లో ఒక మంచం, ఒక కెమెరా ఉన్నాయి. కెమెరాకే మంచి చోటు దక్కింది.

ఆమె చీకటిగది పని ఇట్టే పట్టేసింది. ఆ కెమెరాకు నొక్కే మీట లేదు. అద్దం మీది మూత తీసి, అంకెలు లెక్కపెట్టి, మళ్ళీ మూత పెట్టాలి. లెక్క ఆమెదే. అతను తొందర మనిషి, అంకెలు మింగేవాడు. ఆమె మాత్రం బియ్యం కొలిచినట్టు నిదానంగా ఒక్కొక్క అంకె పలికేది. తను మాత్రం ఎన్నడూ ఫోటోకు కూర్చోలేదు. బతిమాలితే, "నువ్వు గా నల్లగుడ్డల తలకాయ వెడితివి. నేనెవ్వల మొఖం జూసుకుంట కూసోవాలె?" అనేది.

డెబ్బై ఒకటి కార్తీకంలో, ఆ కోట వంశానికి చెందిన గోపాల్‌రావు అనే కరీంనగర్ వకీలు, గోడ కూలకముందే ఫోటో కావాలని కబురు పెట్టాడు. ఇద్దరూ తెల్లవారకముందే రాజులరేవుకు చేరారు. మంచు దట్టంగా ఉంది. కమలవ్వ కాళ్ళు కడుక్కోవడానికి మెట్లు దిగింది. ఇంతలో మంచులోంచి గోడ కొంచెం తేలింది. మళ్ళీ మునిగిపోతుందేమోనని లక్ష్మీరాజం ఆమె కోసం ఆగకుండా మూత తీసి తనే లెక్క మొదలుపెట్టాడు. కమలవ్వ మెట్లెక్కి వస్తూ అతని చేతిలో మూత చూసింది. మూత తీసి ఉన్నప్పుడు కదలకూడదని ఆమెకు తెలుసు. ఎక్కడిదక్కడే నిలబడిపోయింది. తర్వాత అయిపోయిందనుకుని పక్కకు తప్పుకుంది. అతని లెక్క ఇంకా అవలేదు.

చీకటిగదిలో కెమెరా గాజుపలక కడిగితే మెట్ల మీద ఒక ఆడమనిషి తేలింది. చెంగు ఒక చేత్తో పట్టుకుని, ముఖం ఇటు తిప్పి, నవ్వబోయి ఆగినట్టు. ఆమెలోంచి వెనక రాళ్ళ అతుకులు కనిపిస్తున్నాయి.

"ఆగమైంది! మంచి పలక ఆగమైంది!" అన్నాడు లక్ష్మీరాజం.

కమలవ్వ ఎర్రదీపం దగ్గరికి వంగి చూసి పొట్టచెక్కలయ్యేలా నవ్వింది. "ఏమయ్యా, సచ్చినంక గదా దయ్యమైతరు. నేను జర ముందుగాల్నే అయిన."

వకీలుకు ఇంకో పలక ఇచ్చారు. ఈ పలక నుంచి వేసిన ఫోటో మాత్రం స్టూడియోలో దండేనికి ఆరుతుంటే, రాజులరేవు పడవవాడు ఎందుకో వచ్చి చూసి, చెప్పులు కూడా తొడుక్కోకుండా బజార్లోకి ఉరికాడు. సాయంత్రానికి వాకిట్లో జాతర. దొరసాని దొరికింది, ఫోటోలో పడింది! లక్ష్మీరాజం నోరు తెరవబోతే కమలవ్వ మోచేత్తో పొడిచింది. "ఉండనియ్యి తియ్యి. ఒక్కపూటన్న దొరసానినైత."

ఆ ఒక్కపూట చాలా ఏళ్ళు సాగింది. గల్ఫ్ దేశాల దారి తెరుచుకున్నాక మగవాళ్ళు పాస్‌పోర్టు ఫోటోకు వస్తే, వెంట వచ్చిన ఆడవాళ్ళు దొరసాని ఫోటో ఒకటి తీసుకుపోవడం మొదలైంది. ఎర్రగుడ్డలో చుట్టి బియ్యంలో దాచుకునేవాళ్ళు. మనిషి తిరిగొచ్చిన రోజు, అతను గడప తొక్కకముందే, ఆ ఫోటోను ఏట్లో విడిచిపెట్టేవాళ్ళు. ఈ ఆనవాయితీ ఎక్కడ పుట్టిందో లక్ష్మీరాజానికి తెలియదు. అప్పట్లో పట్టించుకోలేదు.

ఎనభైలో కమలవ్వకు కామెర్లు వచ్చాయి. పసరు పోయించారు, పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. ఆమె ఆగలేదు. బతికుండగా ఫోటో లేని మనిషి పోతే, కుర్చీలో కూర్చోబెట్టి పూలదండ వేసి ఆఖరి ఫోటో తీయించడం ఆ ప్రాంతంలో మామూలు. అలాంటివి లక్ష్మీరాజం ఎన్ని తీశాడో. ఆ రోజు వాకిట్లో అందరూ అతని కెమెరా వైపు చూశారు. అతను తీయనన్నాడు. కళ్ళు మూసుకున్న కమలవ్వ ఎందుకు, నవ్వబోతున్న కమలవ్వ పలక పెట్టెలో ఉండగా, అనుకున్నాడు.

ఎనభై ఆరు వరదల్లో గోదావరి వాగులోకి ఎదురెక్కి, వాగు వీధిలోకి ఎక్కి, స్టూడియోలో గుండెలోతు నిలిచింది. నీళ్ళు తీశాక పెట్టె తెరిస్తే పలకల మీది పొర అంతా పాలమీగడలా జారి ఒకదానికొకటి అంటుకుంది. కోట లేదు, మెట్లు లేవు, కమలవ్వ లేదు.

అప్పుడు మొదలైంది అతని తిరుగుడు. ధర్మపురి నుంచి చెన్నూరు దాకా ఇళ్ళ ముందు నిలబడి దొరసాని ఫోటో ఉందా అని అడిగాడు. "మా ఆయన వచ్చిండు, ఏట్ల ఏసినం" అని సంతోషంగా చెప్పేవాళ్ళు. కొన్ని ఇళ్ళల్లో దొరికాయి గానీ, గుడ్డ విప్పితే పసుపుపచ్చటి అట్ట, మధ్యలో ఒక మరక. అవన్నీ కమలవ్వ పోయాక తను ఒక్కడూ వేసినవి. ఫోటోకు ఆఖరున హైపో అనే మందు పడుతుంది. ఆ హైపో పూర్తిగా పోయేదాకా నీళ్ళు మార్చి మార్చి కడగాలి. లేకపోతే కొన్నేళ్ళకు ఫోటోను అదే తినేస్తుంది. ఆ కడుగుడంతా కమలవ్వ చేసేది. ఆఖరు నీళ్ళచుక్క నాలుక మీద వేసుకుని, హైపో తీపి తగలకపోతేనే బయట ఆరేసేది. ఆమె పోయాక అతనికి అంత ఓపిక లేకపోయింది. కనుక ఆమె చేత్తో కడిగిన ఫోటో ఒక్కటి ఎక్కడైనా మిగిలి ఉండాలి. లేకపోతే ఆమె ముఖం ఇక లేనట్టే. ఇప్పటికే రాత్రి కళ్ళు మూసుకుంటే చెంగు పట్టుకున్న చెయ్యి వస్తోంది, ముఖం రావడం లేదు.

ఏటా కార్తీకంలో ఖాళీ మెట్లకు కెమెరా పెట్టి నిలబడడం అందుకే. పిచ్చి అని అతనికీ తెలుసు.

పత్తిచేల మధ్య హనుమండ్లు ఉన్నట్టుండి ఆగాడు.

"అన్నా, ఒక్క ముచ్చట. లింగవ్వ గనుక ఉంటే, నన్ను ఇంట్లకు రానియ్యదు."

"ఏం, కోపమా?"

"కోపం సంగతి తర్వాత. దొరసాని ఫోటువ ఉన్నది ఇంట్ల. నేను కోటు తొడిగిననాడే మీ దుకాణంలనే తీసుకున్నది. అది ఏట్ల ఏసినంకనే నేను గడప తొక్కాలె."

లక్ష్మీరాజం చేతిలోంచి మూడుకాళ్ళ కట్టె జారి పత్తిచెట్ల మీద పడింది. హనుమండ్లు కోటు తొడిగింది పదకొండేళ్ళ కింద. కమలవ్వ ఉన్నప్పుడు.

"రాజులరేవులనా? మీ ఊళ్ళెనా ఫోటువ? మీకు మెట్ల మీదనే దొరసాని ఉండె గద!"

"గదే గదా. ఊరోళ్ళు నవ్వుతరని ఎవ్వలకు జెప్పలే మా ఆమె."

ఊరూరూ తిరిగినవాడు ఆ ఒక్క ఊళ్ళో అడగలేదు. దొరసాని సొంత ఊళ్ళో ఫోటో ఎవరు కొంటారని. ఏటేటా ఆ ఊరి మెట్ల దగ్గర మంచులో నిలబడి, ఇంటికి పోయాడు.

"ఎవడు వెట్టిండో గీ ఏట్ల ఏసే రివాజు!" అన్నాడు, కట్టె ఎత్తుకుంటూ. "వాడు దొరుకుతే గోదారిల ముంచుత."

"నీకెందుకన్నా గంత పరేషాన్?"

"నడువు, నడువు. పొద్దు వోతున్నది."

ఇక హనుమండ్లు వెనకబడ్డాడు, లక్ష్మీరాజం ముందు నడిచాడు.

లింగవ్వ ఉంది. ఇంటి ముందు అరుగు మీద చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. పక్కన ముసలి చంద్రవ్వ తునికాకు కత్తిరిస్తోంది. వాకిలి అవతల నిలబడ్డ మనిషిని లింగవ్వ చూసింది. చేతిలో బీడీ చుట్టడం పూర్తి చేసి, దారం కట్టి, చాటలో పెట్టింది. అప్పుడు నోరు విప్పింది.

"ఏ బస్సెక్కినవయ్యా? పదకొండేండ్లు వట్టింది రానికి."

"ఓ ఎవలే! హనుమండ్లే!" చంద్రవ్వ కత్తెర పారేసింది. "ఓ లింగవ్వా, గట్ల కూసున్నవేందే? లెవ్వే!"

"లేస్తే వడ్తనేమో అత్తా. జర ఆగు."

హనుమండ్లు సంచిని వెనక్కు దాచుకున్నాడు. "ఏం దేలే లింగవ్వా. కంబడొక్కటి దెచ్చిన."

"మంచిగైంది. సలికాలం వచ్చె."

అతను ఒక అడుగు వేసేసరికి ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగు, గడప తొక్కకు. ముందుగాల ఆమెను సాగనంపాలె."

లింగవ్వ లోపలికి పోయి, మోచేయి దాకా బియ్యం అంటిన చేత్తో ఎర్రగుడ్డ మూట పట్టుకొచ్చింది. చంద్రవ్వ బుగ్గన వేలు పెట్టుకుంది. "ఏట్ల దొరసానిని వెట్టుకొని కాయితపు దొరసానిని తెచ్చుకున్నవా, సిత్రపుదానా!"

"ఏట్ల ఆమె అందరిది అత్తా. గీమె నాది."

లక్ష్మీరాజం ఒక అడుగు ముందుకు వేశాడు. "చెల్లె, గది నాకియ్యరాదు? నీ మొక్కు దీరింది గద. ఏట్ల ఏసుడెందుకు, నేనుంచుకుంట."

లింగవ్వ అతన్ని అప్పుడు పరకాయించి చూసింది. "ఫోటోల అన్నవా? ముసలోనివైతివి. ఇయ్యలేనన్నా. మీ ఇంటామెకు మాటిచ్చిన."

"మా... ఇంటామెకా?"

"ఆమెనే గదా నా చేతికిచ్చింది, ఇంక తడి ఆరలే. 'నీ పెనిమిటి వచ్చిననాడు ఏట్ల ఇడిసెయ్యి చెల్లె, దాసుకోకు. ఎన్నొద్దులని పరాయి ఇంట్ల ఉంటది, ఆమెకు గూడ ఇంటికి పోబుద్ధైతది' అన్నది. వచ్చినోళ్ళందరికి గదే జెప్పేది ఆమె. ఏం, నీకు జెప్పలేదా?" లింగవ్వ అటూ ఇటూ చూసింది. "ఆమె మంచిగున్నదా?"

లక్ష్మీరాజం అడ్డంగా తల ఊపాడు. ఆమెకు అర్థమైంది.

అతను మూడుకాళ్ళ కట్టె నేలకు ఆనించి అన్నాడు, "అయితే ఏట్లనే ఎయ్యి. ఏసే ముందుగాల దాన్ని ఒక్క ఫోటువ తీసుకోనియ్యి. నా తాన లేదు."

"తీసుకో అన్నా. నాకు జెప్పాల్నా?"

కోట మెట్ల దగ్గరికి నలుగురూ దిగారు. పొద్దు అవతలి ఒడ్డు చెట్ల మీద ఉంది. గోడ ఎర్రబడింది. లింగవ్వ మూట విప్పి ఫోటోను రెండో మెట్టుకు ఆనించింది. పసుపు పారలేదు, మరక లేదు. మెట్ల రాళ్ళ అంచులు నిన్న చెక్కినట్టు ఉన్నాయి. వాటి మీద చెంగు పట్టుకుని కమలవ్వ.

లక్ష్మీరాజం చేతులు ఎరిగిన పనిలో పడ్డాయి. మూడుకాళ్ళ కట్టె నిలబెట్టాడు. ఇప్పుడు పలకలు దొరకవు. ఎక్స్‌రే ఫిల్ము కత్తిరించి తెచ్చుకున్న ముక్క ఒక్కటే ఉంది, పొద్దుటి మంచు కోసం. నల్లగుడ్డ తల మీద కప్పుకుని అద్దంలో చూశాడు. ఫోటో తలకిందులుగా కనబడింది, అందులో కమలవ్వ తలకిందులుగా. దూరం సరిచేశాడు. ఆమె నవ్వు ఎక్కడ మొదలవుతుందో అక్కడిదాకా స్పష్టమైంది. బయటికి వచ్చి ఫిల్ము ఎక్కించాడు. వెలుతురు అంచనా వేసుకున్నాడు. ఎక్కువ లెక్క కావాలి, కానీ మరీ ఎక్కువ కాదు.

మూత తీశాడు.

మామూలుగా ఈ పాటికి అతని కళ్ళు ఎటో ఉండేవి, పెదవులు అంకెల మీద. ఈసారి ముఖం మీద నల్లగుడ్డ లేదు. మూత చేతిలో పట్టుకుని కెమెరా పక్కన నిలబడ్డాడు. అక్కడ ఆమె ఇటే చూస్తోంది. పై పెదవి ఎడమవైపు కొంచెం ముందు లేస్తుందని అతను మరిచిపోయాడు. కనుబొమ్మల మధ్య చిన్న పచ్చబొట్టు మరిచిపోయాడు. చూశాడు. లెక్క మొదలుపెట్టలేదు. నీళ్ళ మీంచి ఒక కొంగ పోయింది. రాళ్ళ మీది ఎరుపు నీలంలోకి తిరిగింది.

"అయ్యిందా అన్నా?" అంది లింగవ్వ మెల్లగా. "దీపాల యాళ్ళైతున్నది. ఈయన గడప తొక్కాలె."

"ఆఁ" అన్నాడు లక్ష్మీరాజం.

ఆమె కెమెరా ముందుకు వచ్చి, వంగి ఫోటో తీసుకుని, గుండెకు ఆనించుకుని ఒక్కొక్క మెట్టే దిగింది. మూత ఇంకా అతని చేతిలోనే ఉంది. ఆఖరి మెట్టు మీద నిలబడి, నీళ్ళను దోసిలితో పక్కకు తోసి, ఫోటోను ముఖం పైకి ఉండేలా విడిచింది. అది వెంటనే మునగలేదు. ఒడ్డుకు వద్దామా పోదామా అన్నట్టు కాసేపు తిరిగి, నడిమి పాయ వైపు మళ్ళింది. హనుమండ్లు మోకాలి లోతు నీళ్ళలోకి దిగి ఆమె పక్కన నిలబడ్డాడు.

"ఊకె నిలవడుడేంది? మొఖం గడుక్కో" అని లింగవ్వ అతని మీద కసురుకుంది. కసురుకుంటూనే ఏడ్చింది.

లక్ష్మీరాజం మూత పెట్టాడు. ఆ ఫిల్ములో వెలుతురు తప్ప ఏమీ మిగలదని అతని చేతులకు తెలుసు. నల్లగుడ్డ మడిచి పెట్టెలో పెట్టాడు. ఏటా పడుకునే బురుజు కింది అరుగు వైపు చూశాడు. ఈసారి పొద్దుటి మంచుతో పని లేదు.

నీళ్ళ దగ్గర వాళ్ళిద్దరూ ఇంకా వీపు ఇటే ఉంచి నిలబడ్డారు. అతను పెట్టె చేతబట్టుకుని, మూడుకాళ్ళ కట్టె భుజాన వేసుకుని గోడ వెంట నడిచాడు. మలుపు దగ్గర చంద్రవ్వ వెనకనుంచి, "ఏడికి అన్నా, బువ్వ దిని పో" అంటున్నా ఆగలేదు, వెనక్కి తిరగలేదు. పత్తిచేలలోకి దిగి, వచ్చిన దారినే పోయాడు.